పద్నాలుగున్నర అంటే మధ్యాహ్నం రెండున్నరనట

"మీ అసిస్టెంట్ ఇప్పుడు మరింత తెలివైనది" అని ఫోన్‌ల రంగురంగుల పేజీ ఒకటి వచ్చిందంటే ఇగ నా పని ఆగమైనట్టే. కింద రెండు బటన్లుంటయి. ఒకటి "ఇప్పుడే వాడండి", ఇంకోటి "తర్వాత గుర్తుచేయండి". "నాకొద్దు" అనేది ఎక్కడ వెతికినా కనవడదు.

నేను హన్మకొండల జాకెట్లు కుడ్త. నయీంనగర్ దిక్కు మా ఇంటి ముందటి అర్రనే దుకాణం. రెండు కుట్టు మిషన్లు, ఒక పీకో మిషన్, సాయానికి ఒక పిల్ల. కుట్టేటోళ్లకు చేతులు ఖాళీ ఉండయి. కండ్లు సూది మీదికెల్లి తిప్పరాదు. నోరొక్కటే ఖాళీ, అదీ పండ్ల నడుమ గుండుసూదులు పట్టుకోనప్పుడు. అందుకే ఫోన్‌కు నోటితోని చెప్పి పని చేయించుకునుడు నాకు సోకు కాదు, అవసరం.

2017 ఆగస్టుల గూగుల్ వాయిస్ టైపింగ్‌కు తెలుగు వచ్చింది. దానికంటె ముందు మనం ఫోన్‌తోని మాట్లాడాలంటే ఇంగ్లిషన్న రావాలె, హిందీ అన్న రావాలె. వరంగల్లోళ్లకు హిందీ, ఉర్దూ కొత్త గాదు గని, జాకెట్ కొలత తీసుకుంట "చెస్ట్ సాఢే ఛత్తీస్" అని అంటే ఎదురుంగ నిలవడ్డ గిరాకే నవ్వుతది. తెలుగు వచ్చినంక నా బతుకు అల్కగైంది. మెల్లమెల్లగ రాసుడే గాక అలారం పెట్టుడు, ఫోన్ కలుపుడు, పాట పెట్టుడు, అన్నీ నోటితోనే నడిచినయి. నా ఫోన్‌ల ఉన్నది ఏ కంపెనీ అసిస్టెంటో రాస్తలేను. రాస్తె మీరు ఫోన్ మార్చుమంటరు. మార్చిన దోస్తుల కథ కూడ నేను విన్న, గదీ గిట్లనే ఉన్నది.

కొలతలు తీసేటప్పుడు టేపు ఒక కొస ఈ చేత్ల, ఇంకో కొస ఆ చేత్ల ఉంటది. పాత పద్ధతిల అయితే ఒక్కో కొలత తీసుడు, టేపు మెడల ఏసుకునుడు, పుస్తకంల రాసుడు, మళ్ల టేపు పట్టుడు. ఫోన్ వచ్చినంక టేపు ఇడువకుంటనే చెప్పుకుంట పోయేదాన్ని. "లెంత్ పద్నాలుగున్నర, షోల్డర్ పద్నాలుగు, చెస్ట్ ముప్పై ఆరు, వేస్ట్ ముప్పై ఒకటిన్నర, చంక పదహారు, చెయ్యి పొడుగు పదింబావు, చెయ్యి లూజు పదకొండు, ముందు మెడ ఆరున్నర, వెనక మెడ తొమ్మిది." గిరాకి పేరు, బట్ట రంగు, ఏ దినానికి కావాలె, అన్నీ ఒక్క దమ్ముల అయిపోయేటియి.

అది తప్పులు రాయకపోయేదా అంటే రాసేది. "చంక" అంటే "శంఖ" అని రాసేది. ఎప్పుడు చెప్పినా శంఖనే. నా నోట్సు నిండ శంఖలే. గని ఎప్పటికీ అదే తప్పు కాబట్టి నాకు ఇబ్బంది లేకుండె. శంఖ పదహారు అని ఉన్నదంటె చంక పదహారు. తప్పు ఎక్కడ పడ్తదో తెలిసినంక అది తప్పు కాదు, దాని అలవాటు.

బతుకమ్మ ముందట మా దుకాణం ఎట్లుంటదో కుట్టేటోళ్లకు చెప్పనక్కర లేదు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు ఒకటి, సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు పోయేటప్పుడు ఇంకోటి, నడుమ ఆడిబిడ్డ కోసం ఒకటి. లైనింగ్ బట్టల మూటలు గోడ పొంటి ఉంటయి, నడువ సందుండది. ఆ అప్‌డేట్ సరిగ్గ గప్పుడే వచ్చింది. నేనేం ఒత్తలేదు. ఒక పొద్దు లేచి చూస్తె గొంతు మారింది. పాత గొంతు పోయి, ఎవరో బాగ చదువుకున్న పిల్ల పెండ్లి చూపులల్ల మాట్లాడినట్టు నవ్వుకుంట మాట్లాడుతున్నది.

కొలతలు చెప్పిన. "తప్పకుండా! మీ కొలతలను చక్కగా అమర్చి భద్రపరిచాను" అన్నది. రాత్రి కటింగ్‌కు కూసొని తెరిస్తె చక్కటి పట్టిక. గీతలు, బొద్దు అక్షరాలు. "పొడవు: 14:30". నేను చెప్పిన పద్నాలుగున్నర మధ్యాహ్నం రెండున్నర అయి కూసున్నది. "చేతి పొడవు: 10". పావు మాయం. కింద ఇంకో వాక్యం: "ఈ కొలతలకు మీడియం సైజు సరిపోవచ్చు." దాన్నెవరు అడిగిన్రు మీడియమా లార్జా అని? మీడియం సరిపోయేదుంటె ఆమె నా దగ్గరికి ఎందుకొస్తది, రెడీమేడ్ కొనుక్కుంటది గద. చంకను మాత్రం ఈసారి "చంక" అని సరిగ్గ రాసింది. ఉన్నదున్నట్టు చెప్పాలె, చెవులు బాగైనయి. ఇనుడు వచ్చింది, ఇన్నదాన్ని ఇన్నట్టు పెట్టుడు పోయింది.

జాకెట్‌ల పావు ఇంచు అంటే ఎంత అని మొగోళ్లు అడుగుతరు. చెయ్యి దగ్గర పావు తగ్గితె మోచెయ్యి ముడిచినప్పుడు పట్టుకుంటది. షోల్డర్ల పావు ఎక్కువైతె దినమంత పైట సర్దుకునుడే. 14:30 లాంటిది ఎట్లయిన కండ్లవడ్తది, తప్పని తెలుస్తది. 10 అని నున్నగ రాసింది చూసినవా, అది పాడు పని. అండ్ల అనుమానం పడనీకె ఏమీ ఉండదు.

పొయ్యి మీది పప్పు సంగతి గూడ చెప్త. పాతదానికి "ఇరువై నిమిషాలకు టైమర్" అంటె చాలు, "సరే" అని టక్కన పెట్టేది. కొత్తదానికి "ఇరువై నిమిషాలైనంక పప్పు చూడుమని చెప్పు" అంటె, పప్పు అడుగంటకుండ ఉండనీకె చిట్కాలు మొదలువెట్టింది. మందపాటి గిన్నె వాడాలెనట, మంట తగ్గించాలెనట. అది చిట్కాలు చెప్పుడు ఒడిసేసరికి నా పప్పు అడుగంటింది. టైమర్ పెట్టనే లేదు.

మా తమ్ముడు గచ్చిబౌలిల టెస్టింగ్ పని చేస్తడు. పండుగకు వచ్చినప్పుడు తిట్టుకుంట చూపించిన. వాడు చెప్పింది నాకు సమజైనంత వరకు ఇది. పాత అసిస్టెంట్లకు లోపల పనుల పట్టీ ఒకటి ఉండేది: అలారం, టైమర్, ఫోన్, పాట, వాతావరణం, ఇట్ల. మనం మాట్లాడింది ముందు అక్షరాలైతది, తర్వాత అది ఏ పనో గుర్తువట్టుడు, తర్వాత ఆ పనికి కావాల్సిన ఖాళీలు నింపుడు: ఎన్ని నిమిషాలు, ఎవరికి, ఎప్పుడు. ఖాళీలు నిండితె పని అయితది, నిండకపోతె "అర్థం కాలేదు" అంటది. పట్టీల లేనిది అడిగితె మొద్దు, ఉన్నది అడిగితె ఎప్పుడూ ఒక్క తీరుగ చేస్తది.

కొత్తయి పెద్ద భాషా నమూనాల మీద నడుస్తయి. తర్వాత రావల్సిన మాట ఏంది అని అంచనా కట్టుకుంట పోవుడు వాటి పని. అందుకే ముచ్చట మంచిగ పెడ్తయి, ఉత్తరం రాయుమంటె రాస్తయి. అలారం పెట్టుడు మాత్రం ఆ ముచ్చట నడుమ అవి తీసుకునే నిర్ణయం. ఒకసారి పెడ్తయి, ఇంకోసారి అలారం గురించి మాట్లాడుతయి. అదే మాట రెండుసార్లు చెప్తె రెండు తీర్ల జవాబు వచ్చుడు వాటి పుట్టుకలనే ఉన్నదట. "టెస్ట్ చేసేటోళ్లకు గూడ తలనొప్పే అక్కా, నిన్న పాసైంది ఇయ్యాల ఫెయిలైతది" అన్నడు.

అయితె అప్‌డేట్ తీసేసి పాతది పెట్టియ్యి అన్న. వాడు నవ్విండు. మనం పిలిచే పిలుపును గుర్తువట్టే చిన్న పని ఫోన్‌లనే అయితది గని, మిగిలిన ఆలోచన చానమటుకు కంపెనీ సర్వర్ల మీద అయితదట. ఫోన్‌ల ఆటో అప్‌డేట్ బందు పెట్టినా ఆడ మార్చితె ఈడ మారుతది. నేను పైసలు పెట్టి కొన్న ఫోన్‌ల పని చేసే మనిషి ఎక్కడో ఉన్నడు, ఆ మనిషిని నాకు చెప్పకుంట మార్చిన్రు.

ఇది నా ఒక్కదాని ఏడుపు అనుకున్న గని చదువుతె దునియ మొత్తం ఇదే లొల్లి. 2022 జనవరిల అమెరికాల స్పీకర్లు చేసే సోనోస్ కంపెనీతోని పేటెంట్ల కొట్లాటల ఓడి, గూగుల్ తన స్పీకర్లన్నిటి సౌండు ఒక్కపారి పెంచే సౌలతును తీసేసింది. కొన్నోడికీ ఆ కొట్లాటకూ ఏం సంబంధం? అయిన పోయింది వాని ఇంట్లది. మైక్రోసాఫ్ట్ 2023ల విండోస్‌ల ఉన్న తన అసిస్టెంట్ కోర్టానా యాప్‌నే మూసేసింది. 2024 జనవరిల గూగుల్ తక్కువ మంది వాడుతున్నరని చెప్పి అసిస్టెంట్‌లకెల్లి 17 సౌలతులు తీసేస్తమని ప్రకటించింది. పాటతోని లేపే అలారం, నోటితోని ఈమెయిల్ పంపుడు అండ్ల ఉన్నయి. తక్కువ మంది అంటె ఎవరు? చేతులు ఖాళీ లేనోళ్లు, కండ్లు ఆననోళ్లు, చదువు రానోళ్లు ఎప్పుడన్న ఎక్కువ మంది అయిన్రా?

ఆపిల్ వాళ్లు 2024 జూన్‌ల తమ అసిస్టెంట్ సిరిని కొత్తగ చేస్తున్నమని గొప్పగ చూపించి, 2025 మార్చిల ఇంక టైం పడ్తదని చెప్పిన్రు. నాకైతె గది మర్యాద అనిపించింది. కానిదాన్ని కాలేదని ఆపుకున్నరు. అదే నెల 28కెల్లి అమెజాన్, అమెరికాల కొన్ని ఎకో స్పీకర్లల్ల మాటలను బయటికి పంపకుంట ఇంట్లనే చూసుకునే ఎంపికను తీసేసింది, ఆ స్పీకర్లల్ల మాట్లాడే కొత్త అలెక్సాకు అన్నీ సర్వర్లకు రావాలె గద. గూగుల్ గూడ 2025ల ఫోన్లల్ల పాత అసిస్టెంట్ జాగల తన కొత్త అసిస్టెంట్ జెమినీని తెస్తమని చెప్పి, మళ్ల దాన్ని 2026కు జరిపింది. జెమినీ యాప్ మన దేశంల 2024 జూన్‌ల తెలుగుతోని సహ తొమ్మిది దేశ భాషలల్ల వచ్చింది. తెలుగు ఉన్నదని సంబురపడాల్నా అంటే పడాలె. నాకు కావల్సింది తెలుగుల ముచ్చట గాదు, తెలుగుల చెప్పిన పని అయితె చాలు.

మా అత్తమ్మ ముచ్చట చెప్పకపోతె ఇదంత రాసి దండుగ.

అత్తమ్మది పర్కాల దిక్కు ఊరు. బడి ముఖం చూడలే, నిశాని ఏస్తది. పెద్ద ఆడిబిడ్డ సూరత్‌ల ఉంటది, మర మగ్గాల పనికి పోయిన కుటుంబం. చిన్నామె నర్సంపేట. ఇదివరకు బిడ్డతోని మాట్లాడాలంటే అత్తమ్మ ఎవరో ఒకరి ముందట ఫోన్ పట్టుకొని నిలవడాలె. "జర సూరత్ కలుపుండ్రి" అని. మనుమడు ఆడుకుంట విసుక్కునేటోడు. నోటితోని చెప్తె ఫోన్ కలుస్తదని నేర్పినంక ఆమె మొఖంల వచ్చిన ధీమా నేను చూసిన. ఎవ్వల్ని అడుగనవసరం లేకుంట గద్దె మీద కూసొని బిడ్డతోని మాట్లాడుకునేది.

అదీ ఊకెనే రాలేదు. ఆమె "సూరత్ల పెద్దబిడ్డకు కలుపు" అంటె ఫోన్‌కు సమజయ్యేది కాదు. మెల్లమెల్లగ ఆమెనే పట్టుకున్నది, అది టీవీల వార్తలు చదివేటోళ్ల భాష ఇంటదని. ఇగ ఫోన్ పట్టుకోంగనే గొంతు సవరించుకొని "పెద్ద బిడ్డకు ఫోన్ చేయండి" అనేది. మాతోని ఎన్నడూ అట్ల మాట్లాడదు. "దానికి అండి ఎందుకు అత్తమ్మా" అని నేనంటె, "పని చేసేదాన్ని ఇజ్జత్‌తోని పిలువాలె బిడ్డా" అన్నది. పొద్దుగాల అంటె ఇనదు, ఉదయం అనాలె. గోలీ అంటె ఆట గోలీ అనుకుంటదేమో, మాత్ర అనాలె. మాపటీలి అనొద్దు, సాయంత్రం. ఈ వయసుల ఇంకో భాష నేర్చుకున్నట్టే నేర్చుకున్నది. ఫోన్ ఆమెను నేర్చుకున్నదేం లేదు.

కొత్తది వచ్చినంక "పెద్ద బిడ్డకు ఫోన్ చేయండి" అంటె, "ఈ పేరుతో రెండు నంబర్లు ఉన్నాయి, స్క్రీన్ మీద ఒకటి ఎంచుకోండి" అన్నది. పాతది ఎప్పుడు మాట్లాడే నంబరుకే కలిపేది. స్క్రీన్ మీద రాసింది చదివేటోళ్లయితె నీతోని ఎందుకు మాట్లాడుతరు తల్లీ! అత్తమ్మ ఫోన్‌ను చెవికి పెట్టుకొని అట్లనే కూసున్నది, బిడ్డ ఎత్తుతదని.

దానికంటె ఎక్కువ కోపమొచ్చింది షుగర్ గోలీ దగ్గర. "రేపు ఉదయం ఏడు గంటలకు షుగరు మాత్ర గుర్తు చేయండి" అని ఎప్పటి లెక్కనే చెప్పింది. అది, "మీ ఆరోగ్యం పట్ల ఇంత శ్రద్ధ చూపడం చాలా మంచి విషయం!" అని అందుకొని, నడువుమని, తీపి తగ్గించుమని, డాక్టరును అడుగుమని చెప్పి, చివరికి "మీకోసం రిమైండర్ పెట్టమంటారా?" అని అడిగింది. అప్పటికే అత్తమ్మ ఫోన్ దిండు కింద పెట్టి పండుకున్నది. ఇంతసేపు మాట్లాడిందంటె పని అయ్యే ఉంటదని ఆమె నమ్మకం. తెల్లారి ఏడుకు ఏ సప్పుడు లేదు. నేను ఇంట్లనే ఉంట కాబట్టి చూసుకున్న, గోలీ ఇచ్చిన. పర్కాల దిక్కు ఊర్లల్ల ఒక్కతే ఉండే ముసలమ్మల కాడ ఎవరుంటరు?

"దీనికి కొమ్ములు మొలిచినయ్ బిడ్డా" అని అత్తమ్మ ఇగ దాన్ని అండి అనుడు ఇడిసిపెట్టింది.

తమ్ముడు దీనికీ ఒక మాట చెప్పిండు. మాట గుర్తువట్టే నమూనాను కొత్తగ తయారు చేసినప్పుడు నూరు పదాలకు ఎన్ని తప్పులు పోతున్నయని సగటు చూస్తరట. ఆ సగటు తగ్గితె బాగైనట్టే లెక్క. చదువుకున్న పట్నం పిల్లల గొంతులు ఎక్కువుంటె వాళ్లకు బాగైందే సగటుల కనవడ్తది. తెల్లారుజామును ఎగిలివారంగ అనే మనిషికి, పండ్లు ఊడిన నోటికి పాడైతె ఆ సగటుల కానరాదు. నాకు ఇండ్ల అర్థంకాంది ఒక్కటే. పాతది మంచిగ నడుస్తున్న పనులను అట్లనే ఉంచి, ముచ్చట కావల్సినోళ్లకు కొత్తది పక్కన పెడ్తె ఎవరికి నష్టం? టైమర్‌కు తెలివెందుకు? నేను మిషన్‌ల సూది మార్చినంత మాత్రాన కాలు తొక్కే తీరు మారదు గద.

ఫీడ్‌బ్యాక్ అని ఉన్న కాడ పెద్దగ తెలుగుల రాసిన. అయిదు చుక్కలల్ల ఎన్ని ఇస్తవని అడిగితె ఒకటి ఇచ్చిన. "మీ ఉత్సాహానికి ధన్యవాదాలు" అని వచ్చింది. ఉత్సాహమట!

ఇగ నేను చేసుకున్న ఏర్పాట్లు చెప్త, ఎవరికన్న పనికొస్తయేమో. అత్తమ్మ ఫోన్‌ల మొదటి పేజీ మీది అన్ని గుర్తులు తీసేసి, బిడ్డలిద్దరి ఫొటోలు పెట్టిన, ఒత్తితె సీద ఫోన్ పోయేటట్టు. కాంటాక్ట్‌లకెల్లి ఈ షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు, చదువుడు అక్కర లేదు, మాట అక్కర లేదు. రెండో నంబర్లు తీసేసిన. గోలీల అలారం గడియారం యాప్‌లకు పోయి దినాం మోగేటట్టు నా చేత్తోనే పెట్టిన, దాన్ని ఎవరూ నోటితోని కదిలియ్యక్కర లేదు. కొలతలకేమో అసిస్టెంట్‌ను పిలుచుడు బందు పెట్టి, కీబోర్డు మీద ఉండే మైకు ఒత్తి రాయించి చూసిన. అది మనం అన్నదే రాస్తది, పట్టికలు చెయ్యదు, సలహాలియ్యదు. ఒక్కటే బాధ, జర ఆగితె అది గూడ ఆగుతది. టేపు నడుంకెల్లి భుజం మీదికి తీసుకపోయేలోపల నిద్రపోతది, మళ్ల ఒత్తాలె. ఒత్తనీకె చెయ్యి ఖాళీ ఉంటె నేను పెన్నే పట్టుకుందు గద.

అందుకే వరంగల్ చౌరస్తాల పొడుగు లెక్కల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చిన. నేను కొలత చెప్త, సాయం చేసే పిల్ల రాస్తది. ఫోన్ పాటల వరకే. మొన్న ఆ పిల్ల రాసుకుంట రాసుకుంట ఆగి, "అక్కా, పదింబావు అంటె పదిమీద పావా, పావు తక్కువ పదా?" అని అడిగింది. చెప్పిన. రాసుకున్నది.